అంచుల నలుపు

కుక్క అడ్డం రాలేదు. ఆ మాట చెప్పింది అఖ్సా. తొమ్మిదేళ్ల పిల్ల, అబద్ధమాడాల్సిన అవసరమేమీ లేని పిల్ల. ఈ పొద్దున తిరుపతి నుంచి పుత్తూరు వచ్చే బస్సులో "మీ అబ్బూకి అడ్డమొచ్చిన కుక్క ఏం రంగు?" అని షబ్రీన్ ఊరికే, మాటలో మాటగా అడిగితే, "కుక్క యాడొచ్చింది అమ్మీ?" అంది. ముందు సీట్లో, విరిగిన మణికట్టును దుపట్టాతో మెడకు వేలాడదీసుకుని కూర్చున్న ఆమె మొగుడు అష్ఫాక్ వెనక్కి తిరిగాడు. పిల్ల నోరు మూసుకుంది. అంతే జరిగింది. అయినా అప్పటి నుంచి షబ్రీన్ లోపల ఏదో గీరుకుంటూనే ఉంది. నిన్న సందెపొద్దున ట్యూషన్ నుంచి పిల్లను స్కూటర్ మీద తెస్తూ పడ్డాడు. కుక్క అడ్డం వచ్చిందన్నాడు. ఈ పొద్దున బస్టాండుకు ఆటోలో వస్తూ ఆ చోటు చూసింది. కొర్లగుంట మలుపు దాటగానే రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక కుప్ప, నడుం ఎత్తు ఉంటుంది, దాని మీద స్కూటర్ చక్రం దిగబడిన గాడి అట్లాగే ఉంది. గుడ్డివాడికి కూడా కనిపించే కుప్ప, అనుకుంది అప్పుడు. కుక్కను తప్పించబోతే బండి రోడ్డు మధ్యకు పోవాలి గానీ నేరుగా కుప్పలోకి ఎందుకు పోతుంది? ఇంత చిన్న సంగతికి అబద్ధం ఆడేవాడు పెద్దవాటికి ఇంకెన్ని ఆడి ఉంటాడు?

విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఇంటి వసారాలో షబ్రీన్ సిమెంటు బల్ల మీద కూర్చుని, మోకాలు గీరుకుపోయిన అఖ్సాను పక్కన కూర్చోబెట్టుకుని, తలుపులోంచి లోపలికి చూస్తోంది. కోడిగుడ్డు సొన వాసన, నూరిన ఆకు పసరు వాసన, వెదురు బద్దలు, పొడుగ్గా చించిన గుడ్డ పట్టీలు. లోపల గది మసకగా ఉంది. పైన వెంటిలేటర్ నుంచి దిగిన ఎండ ఒక్క చోటే పడుతోంది, అష్ఫాక్ చాచిన చేయి మీద, దాన్ని పట్టుకున్న కట్టు కట్టే ఆయన చేతుల మీద. మిగతా మనుషులంతా నీడలో ఉన్నారు. ఎంత అందంగా ఉంది అనిపించి, వెంటనే తన మీద తనకే చిరాకు వచ్చింది. మొగుడి చేయి విరిగితే కూడా బొమ్మలాగే కనిపిస్తుందేమిటి తన కంటికి? పదేళ్లుగా తిరుపతి కాలేజీలో చిత్రకళా చరిత్ర చెప్పి చెప్పి కళ్లు అట్లా తయారయ్యాయి. ఎక్కడ వెలుగు పడినా అది ఊరికే పడలేదని, ఎవరో కావాలని పడేశారని అనుమానం. ఆ అనుమానాన్నే పాఠంగా చెబుతుంది పిల్లలకు.

రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో రొమాంటిక్ చిత్రకారులు చేసింది అదే కదా. సూర్యుడు ఎక్కడుంటే వాళ్లకేం, గుండె ఎక్కడ అదరాలో అక్కడ వెలుగు పోశారు. గోయా వేసిన ఆ కాల్చివేత బొమ్మను ఏటా తెర మీద చూపిస్తుంది. రాత్రి పూట, కొండ వాలులో, తుపాకులు ఎక్కుపెట్టిన సైనికుల వరస, ఎదురుగా చేతులు రెండూ పైకెత్తిన తెల్లచొక్కా మనిషి. నేల మీద పెట్టిన ఒక పెద్ద లాంతరు. ఆ తెల్లచొక్కా, ఆ పసుపుపచ్చ పైజామా లాంతరు వెలుగులో భగ్గుమంటూ ఉంటాయి. పిల్లలంతా అతన్నే చూస్తారు, కొందరికి కళ్లు చెమరుస్తాయి. అప్పుడు షబ్రీన్ అడుగుతుంది: ఆ లాంతరు ఎవరు తెచ్చినట్టు? జవాబు కూడా తనే చెబుతుంది. చంపేవాళ్లు తెచ్చి ఉంటారు. గురి తప్పకుండా కాల్చాలంటే వెలుగు కావాలి కదా. సైనికులు మనకు వీపులే చూపిస్తారు, ఒక్కడి ముఖమూ కనిపించదు. కాబట్టి వెలుగు పడిన చోట ఆగిపోకండి, పడని చోట ఎవరున్నారో చూడండి, అంటుంది. ఎంత బాగా చెబుతుందో. చెప్పిన రోజే ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిలో వెలుగు పడని చోటు ఎక్కడుందో తెలీక, దొంగలా అతని జేబులు తడుముకుంటూ...

"బండి మింద నుంచి పడినాడామ్మా మీ ఆయన?" పక్కన కూర్చున్న ముసలామె అడిగింది. ఒళ్లో ఉడకబెట్టిన శెనక్కాయల సంచి. పేరు గురవమ్మ అని, ఏర్పేడు దగ్గర పల్లె అని, మొగుడు వెంకటముని కాలికి ఇది రెండో కట్టు అని వచ్చినప్పుడే చెప్పింది.

"అవునమ్మా. కుక్క అడ్డమొచ్చిందంట."

ఆ 'అంట' తన నోటి నుంచి ఎందుకొచ్చింది? గురవమ్మ పట్టేసింది, చిన్నగా నవ్వింది. "మా ఆయన ఎనుము పొడిసిందని సెప్తాడు. కల్లు తాగి మిద్దె మెట్ల మింద నుంచి దొర్లింది నేను సూసినాను. మొగోళ్లు పడేది ఒకటి, సెప్పేది ఒకటి. మీ ఆయనకీ అలవాటుండాదా?"

"లేదమ్మా" అంది షబ్రీన్, మరీ తొందరగా. ఎందుకంటే ఆ అనుమానం ఎప్పుడో వచ్చి పోయింది. ఏడాదిగా గుమ్మాలు తన్నుకుంటున్నాడు. భోజనాల దగ్గర పక్కనున్న గ్లాసు మోచేత్తో పడేస్తాడు, పడేసి "ఈడెవరు పెట్టినారు?" అని కేకలేస్తాడు. ఎప్పుడూ పెట్టే చోటే కదా అది. ఒక మధ్యాహ్నం అతను పడుకుని ఉంటే వంగి నోటి వాసన చూసింది. టీ వాసన, బొమ్మల రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన, ఇంకేం లేదు. లేదని తేలాక నిమ్మళించాలి కదా, నిమ్మళించలేదు. తాగుడు కాకపోతే మరేమిటి? సాయంత్రాలు ఎక్కడికి రమ్మన్నా రాడు. తన కొలీగ్ రూపశ్రీ వాళ్ల పాప పుట్టినరోజుకు రానన్నాడు, తలనొప్పి అన్నాడు. అంతకు ముందు రూపశ్రీ బజారులో ఎదురుపడి, పక్కనే నిలబడి "బాగుండారా అన్నా" అంటే తల కూడా తిప్పలేదట, రెండోసారి గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడ్డాడట. "మీ ఆయన పెద్ద ఆర్టిస్టయిపోయినాడు లే" అని నవ్వుతూనే అంది, కానీ ఆ తర్వాత ఇంటికి రావడం మానేసింది. బుర్ర ఇంకెక్కడో ఉంటే తప్ప మనిషి అట్లా ఉంటాడా? ఇంకెక్కడో అంటే ఎవరి దగ్గర? ఫోను చూసింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఇంకా అనుమానంగా ఉంది.

మేడ సంగతి అన్నిటికన్నా మింగుడు పడనిది. వారానికి రెండు మూడు సార్లు, పొద్దు వాలే వేళకు, అఖ్సాను తీసుకుని మేడెక్కుతాడు. ఏదో ఆట అంట. కిందికి డబ్బా మూతలు దొర్లిన చప్పుడు, పిల్ల పరుగులు, నవ్వులు వినిపిస్తాయి. తను మెట్లెక్కి వెళ్తే ఆట ఆగిపోతుంది. "అమ్మీకి చెప్పద్దు" అన్న మాట ఒకసారి చెవిన పడింది. తల్లికి చెప్పకూడని ఆట ఏమిటి? ఏమీ ఉండదు, ఏదో పిచ్చి ఆట, తండ్రీకూతుళ్ల రహస్యం, ఉంటే ఉండనీ. కానీ పిల్లకు దాచడం నేర్పుతున్నాడు. కుక్క రాలేదని తెలిసిన పిల్ల, తండ్రి ఒక్కసారి తిరిగి చూస్తే నోరు మూసుకునేంతగా నేర్చుకుంది. ఇప్పుడు ఈ పిల్ల పక్కన కూర్చుని, మోకాలి మీద చెక్కు గీకుతూ, తనను ఓరగా చూస్తోంది. అడిగితే చెబుతుందా? అడగకూడదు. పిల్లను సాక్షిగా నిలబెట్టడం పాపం. అయినా అడగాలని నాలుక దురద.

ఎవరికి చెప్పుకుంటే మాత్రం నమ్ముతారు? అందరికీ అష్ఫాక్ అంటే బొమ్మల్లో వెలుగు పడేయడంలో మొనగాడు. ఈ రెండేళ్లలో వేసిన బొమ్మలతోనే పేరొచ్చింది. స్వర్ణముఖికి వరదొచ్చినప్పటి బొమ్మ: నాలుగు మూలల నుంచీ తరుముకొచ్చే నలుపు, నట్టనడుమ మాత్రం మేఘం చీలి దిగిన ఒకే ఒక్క పసుపు, ఆ పసుపులో మూట నెత్తిన పెట్టుకుని వంతెన మీద నిలబడిన ఆడమనిషి. చూసినవాళ్లు దాని ముందు నుంచి కదల్లేదు. అంతకు ముందు అష్ఫాక్ అట్లా వేసేవాడు కాదు. చంద్రగిరి కోట వేస్తే ప్రతి రాయీ, మూలనున్న మేకపిల్ల కూడా ఉండేవి. కాన్వాసు అంచు దాకా గడ్డి మొలిచేది. ఆ మార్పు గురించి ప్రదర్శన బ్రోచర్‌లో రాసింది తనే. "అష్ఫాక్ అంచులను చీకటికి వదిలేస్తాడు. నాటకమంతా నడిమి వెలుగులో నడుస్తుంది. రొమాంటిక్ చిత్రకారుల దగ్గర అతను నేర్చుకున్న ధైర్యం ఇది." ఫ్రెంచి చిత్రకారుడు జెరికో వేసిన తెప్ప బొమ్మతో పోల్చింది. మునిగిన ఓడ మనుషులు, చచ్చినవాళ్లూ బతికినవాళ్లూ కలగలిసి, ఒకరి మీద ఒకరు ఎక్కి, దూరాన చుక్కలా ఉన్న ఓడకు గుడ్డ ఊపుతుంటారు. కింద శవాల దగ్గర నలుపు, పైకి పోయేకొద్దీ వెలుగు. నిజానికి ఆ నలుపంతా జెరికో పెట్టింది కాదు. అతను వాడిన తారు లాంటి రంగు మొదట్లో తళతళలాడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తనే నల్లబడి పక్క రంగుల్ని కూడా మింగుతుంది. ఇవాళ మనం విషాదమని నిలబడి చూసేదాంట్లో కొంత రంగుకు పట్టిన రోగమే. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలకు నచ్చదు. తనకూ నచ్చేది కాదు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ విషయమూ అంతే. సముద్రమూ ఆకాశమూ ఒకటైపోయిన ఆ పసుపు మంటల బొమ్మలు చూసి అతని కాలంలోనే కొందరు ఎగతాళి చేశారు. అతను పోయిన ఇరవై ఏళ్లకు లండన్‌లో ఒక కంటి డాక్టరు ఏకంగా ఉపన్యాసమే ఇచ్చాడు, ఆ ముసలాయన కంటిలో తేడా వచ్చింది, ఆ వెలుగు కళ కాదు, జబ్బు అని. ఆ డాక్టరు పేరెత్తినప్పుడల్లా క్లాసు గొల్లుమంటుంది. తనూ వాళ్లతో నవ్వుతుంది.

కట్టు అయిపోయినట్టుంది. అష్ఫాక్ బయటికి వస్తున్నాడు, మోచేతి దాకా తెల్లటి పట్టీ, పట్టీలోంచి తొంగిచూస్తున్న వెదురు బద్దలు. పసరు ఆరేదాకా కాసేపు కూర్చోమన్నారని చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. ఇటు షబ్రీన్, అటు గురవమ్మ. ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. గురవమ్మ సంచిలోంచి గుప్పెడు శెనక్కాయలు తీసి అతని పక్కకు చాచింది. "తిను నాయనా. నొప్పికి నోరు సేదుగా ఉంటాది."

అష్ఫాక్ కదల్లేదు. చేయి అట్లాగే గాలిలో ఉంది. ముడతలు పడిన చేయి, నాలుగు గాజులు, గుప్పిట్లో తడి శెనక్కాయలు. విని ఉంటాడు, మాట తనతో అని అనుకోలేదేమో. గురవమ్మ ఇంకోసారి అంది, కొంచెం గొంతు తగ్గించి, "మా సేతివి తినవా నాయనా?" ముఖం మాడిపోయింది ఆమెకు. షబ్రీన్‌కు ఒళ్లు మండింది. అదే పొగరు, రూపశ్రీ మీద చూపించిన పొగరే. ఇక్కడ కూడానా, ఈ పెద్దావిడ మీద కూడానా? మోచేత్తో పొడవబోయింది. అప్పుడు గురవమ్మ చేయి వెనక్కి తీసుకోబోతూ అతని ముందు నుంచి పోనిచ్చింది, పిల్లకైనా ఇద్దామని. చేయి సరిగ్గా అతని ముక్కు ఎదుటికి వచ్చేసరికి అష్ఫాక్ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, నాకా అమ్మా? ఇయ్యి, ఇయ్యి" అని ఆత్రంగా మంచి చేతిని చాచాడు, నవ్వాడు, గురవమ్మ ముఖం మళ్లీ వికసించింది.

షబ్రీన్ నవ్వలేదు. ఆ చేయి పక్కన ఉన్నంతసేపూ అతనికి లేదు. ముందుకొచ్చాకే ఉంది. మళ్లీ ఒకసారి చూడాలనిపించింది, తప్పు చేస్తున్నట్టు అనిపించింది, అయినా తన కుడి చేతిని మెల్లగా ఎత్తి అతని చెవి పక్కన, చెంపకు జానెడు దూరంలో నిలబెట్టింది. వేళ్లు ఆడించింది. అతను శెనక్కాయ తొక్కను పంటితో తీస్తున్నాడు. ఇంకొంచెం ముందుకు జరిపింది. ఇంకొంచెం. దాదాపు కళ్ల ముందుకు వచ్చాక రెప్ప కొట్టుకుంది. పట్టపగలు. వసారా నిండా వెలుతురు.

గ్లాసు పక్కన ఉంది. రూపశ్రీ పక్కన నిలబడింది. ఇసుక కుప్ప రోడ్డు పక్కన ఉంది, అదీ సందెపొద్దున. మేకపిల్ల కాన్వాసు మూలన ఉండేది, లేకుండా పోయింది. అష్ఫాక్ నాన్న, మామయ్య పీరా సాహెబ్ చిత్తూరులో గాజుల దుకాణాన్ని జీవితమంతా పొద్దు వాలకముందే మూసేశారు. నమాజు మీద భక్తి అన్నారు అందరూ, తనూ అదే అనుకుంది. పోయేదాకా అత్త ఖమర్ జహాన్ ఆయన చొక్కా చేతి అంచు పట్టుకుని నడిపించేది, ప్రేమ అనుకుంది. పెళ్లయిన కొత్తలో అత్త ఒక మాటంది, "మావాడితో సందెకాడ ప్రయాణాలు పెట్టుకోవాకమ్మా, అచ్చి రాదు" అని. అచ్చి రాకపోవడమా? తెలుసా ఆమెకు? తెలిసే చేశారా పెళ్లి? అందరికీ తెలుసా, తనకు తప్ప? ఇంత చదువు చదివి, వెలుగు పడని చోటు చూడండి అని పదేళ్లు గొంతు చించుకుని, ఇంట్లో నలుపు అంచుల నుంచి నడిమికి పాకుతుంటే దానికి ధైర్యమని పేరు పెట్టి అచ్చు వేయించింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏంది?"

"పక్కనుండేది కనపడనిది ఎప్పట్నుంచి?"

నములుతున్న అతని దవడ ఆగిపోయింది. కాలేజీ రోజుల్లో మొదలైన 'నువ్వు' వాళ్లది, ఏదీ దాచుకోని నువ్వు అనుకునేది ఆమె. అతనన్నాడు, "వరద బొమ్మ కంటే ముందే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నా షబ్బూ. ఆ బ్రోచర్ అచ్చయి వచ్చిన పొద్దు. నువ్వు రాసింది చదివినా. అంచులు చీకటికి వదిలేసినానని రాసినావు. నేను వదిలేసింది ఏముండాది? ఆడ నాకేమీ లేదు. కనపడింది కనపడినట్టే వేసినా. అంత బాగా రాసినాక, అది నా గొప్ప కాదు, మా నాయన కంటి జబ్బు అని యెట్లా చెప్పేది?"

జాలి రావాలి. రాలేదు, కోపం వచ్చింది. "ఆ కళ్లతో పిల్లను బండెక్కించుకున్నావు."

"పొద్దుండంగానే వస్తామనుకున్నా. ట్యూషన్ ఆలస్యమాయె."

"కుక్కను పుట్టించినావు. పిల్ల నోరు మూయించినావు." గొంతు పెరిగింది, గురవమ్మ అటు తిరిగి కూర్చుంది. "మేడ మీద దాంతో ఏం చేస్తా ఉండావు? అదన్నా నిజం చెప్పు."

అష్ఫాక్ శెనక్కాయలు బల్ల మీద పెట్టేశాడు. "దాని కళ్లు చూస్తా ఉండా. పెయింటు డబ్బాల మూతలు మేడంతా పరుస్తా. వెలుతురు తగ్గేకొద్దీ ఏ రంగు మూత యాడుండాదో ఏరుకు రమ్మంటా. మా నాయనది నాకొచ్చె. నాది దానికి వచ్చిందేమోనని. నీకు చెప్తే నువ్వూ ఇట్లాగే నిద్ర లేకుండా..."

"కనిపిస్తాయా దానికి?" షబ్రీన్ పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అన్నీ నేనే తెస్తా అమ్మీ," అంది అఖ్సా, చాలా రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చినట్టు. "నీలం, ఆకుపచ్చ, గోడ మూలన ఉండే నల్లది కూడా. అబ్బూకి ఒక్కటీ దొరకదు. ఎప్పుడూ ఓడిపోతాడు. కావాలనే ఓడిపోతాడు."

అష్ఫాక్ పిల్ల తల కోసం చేయి చాచాడు, అది కొంచెం పక్కకు పోయింది, పిల్లే తల జరిపి ఆ చేతి కిందికి వచ్చింది. అలవాటుగా, ఆటలో భాగంలా. ఎన్నాళ్లుగా జరుపుకుంటోందో అట్లా తలను. తను ఎన్నడూ చూడలేదు.

"ఇప్పటికి కనిపిస్తా ఉండాది," అన్నాడు అష్ఫాక్.

"ఇప్పటికి అంటే చాలదు," అంది షబ్రీన్. "నా పిల్ల కళ్లు డబ్బా మూతలతో చూసేది కాదు. రేపు కంటి ఆసుపత్రికి పోతాం. ఇద్దరినీ చూపిస్తా. డాక్టరు ఏం చెప్పినా నా ముందరే చెప్పాల. ఆ స్కూటర్ నువ్వు మళ్లీ ముట్టుకోకూడదు."

"సరే."

"మీ అమ్మను కూడా అడుగుతా, తెలిసి దాచిందా అని."

దానికి అతను తల దించుకున్నాడు. ఆ దించుకోవడంలో కూడా ఇంకేమైనా ఉందేమో అని వెతుకుతూ ఒక క్షణం అతన్నే చూసింది. రెప్పల మీద పసరు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. చీర కొంగుతో తుడిచింది, కొంచెం గట్టిగానే తుడిచింది. బొమ్మలు ఏమవుతాయి అని ఆమె అడగలేదు, అతనూ అనలేదు. ఇద్దరి మధ్యా ఆ ప్రశ్న బల్ల మీద మూడో మనిషిలా కూర్చునే ఉంది.

గురవమ్మకు చెప్పి లేచారు. వసారా బయట ఎండ తెల్లగా, కళ్లు చెదిరేట్టు కాస్తోంది. వాకిట్లో ఆటోల హారన్లు, కోడిగుడ్లు అమ్మేవాడి కేక. వసారా చివర అష్ఫాక్ ఆగాడు. ఇన్నాళ్లూ ఇట్లాంటి చోట ఆగితే ఫోను తీసి చూసుకుంటున్నట్టు నటించేవాడని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఈసారి ఫోను తీయలేదు. ముందుకు చూస్తూనే, చిన్న గొంతుతో అడిగాడు.

"షబ్బూ, ఈడ మెట్టుండాదా?"

పదకొండేళ్ల కాపురంలో ఆ మాట అతను అడగడం అదే మొదలు. నిజంగా కనపడకనే అడిగాడా, తన కోపం దించడానికి అడిగాడా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. ఈ ఆలోచనలు ఇక అంత తొందరగా పోయేవి కావు.

"ఉండాది," అంది. "కిందికి."

అతని పాదం ఆ మెట్టును వెతుక్కుని ఆనుకునేదాకా ఆగింది. అఖ్సా అప్పటికే వాకిట్లోకి దూకి, ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి గెంతుతోంది. నీడలోకి పోయిన ప్రతిసారీ ఆ పిల్ల అడుగు ఎక్కడ పడుతుందో షబ్రీన్ కళ్లార్పకుండా చూస్తోంది.